రెండో పంపు మామ్మగారు

టీ గ్లాసు ఆయన పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది. మొహంలో నవ్వు మాత్రం అలాగే ఉంది.

"అలాగాండి," అన్నారు పెట్రోలు బంకు ఓనరుగారు. "మంచి మాటే చెప్పేరండి. ఇంతకీ ఎవరండి, చెప్పింది?"

గొంతులో కోపం లేదు. కానీ టీ తాగుతున్న మనిషి తాగడం మానేసి నా జవాబు కోసం చూస్తున్నాడు. అప్పటికే నా చెయ్యి లేచిపోయింది. గాజు తలుపు అవతల రెండో పంపు దగ్గరున్న ఆవిడ వైపు వేలు చూపించి, "ఆవిడేనండి. ఆవిడ చెప్పకపోతే నేనింకా ఆ ఖరీదు పెట్రోలే కొట్టించుకుంటూ ఉండేదాన్ని," అనేశాను.

ఆవిడ సరిగ్గా అప్పుడే తలెత్తారు. నేను పలకరిస్తున్నాననుకున్నారు. ఒక చేత్తో పెట్రోలు పైపు పట్టుకునే, రెండో చెయ్యి ఎత్తి నాకు ఊపారు.

అది జరిగి ఏడు నెలలు దాటింది. నిన్న సాయంత్రం కొత్తపేటలో కూరలు కొనుక్కుని వస్తుంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆవిడ మొహం కనిపించింది. "ప్రభువునందు నిద్రించిరి" అని రాసి ఉంది. సమాధి కార్యక్రమం మూడు రోజుల కిందటే అయిపోయింది. ఫొటోలో బంకు యూనిఫాం కాలరు కనిపిస్తోంది. ఇంట్లో ఇంకో ఫొటో దొరకలేదేమో. కింద పేరుంది. ఆవిడ పేరు నాకు తెలియడం అదే మొదటిసారి. ఇక్కడ రాయను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని పేరు ఇప్పుడు వాడుకోవడం నాకే బాగా అనిపించడం లేదు.

మేము ఆవిడని బంకు మామ్మ అనేవాళ్లం. మా పెద్దది పెట్టిన పేరు. పిల్లలతో పాటు నేనూ "మామ్మగారూ" అంటే ఆవిడ ఊరుకునేవారు కాదు.

"మీక్కూడా మామ్మనేనేటండీ? మీ పిల్లలంటే సరే. నా జుట్టు చూడండి, ఒక్కటి నెరిసిందా?"

"రంగేసుకున్నారు కదండీ మరి."

"ఆయ్, ఏసుకున్నాను. కనపడకుండా ఏసుకున్నానా లేదా?"

ఖాకీ రంగు కోటు, దాని కింద తెల్లచీర, కాళ్లకి మగవాళ్ల చెప్పులు. పిల్లల్ని ఎక్కించుకుని వచ్చిన ఏ బండికీ పిల్లలు దిగేదాకా పెట్రోలు పోసేవారు కాదు. "పెద్దగోరూ, చిన్నగోరూ, ఎళ్లి ఆ నీడలో నించోండి" అని వాళ్లని మోచేత్తో మెల్లగా నెట్టేవారు. ఎప్పుడూ మోచెయ్యే. అరచెయ్యి తగలనిచ్చేవారు కాదు. పెట్రోలు చేతులతో పిల్లల్ని ముట్టుకోకూడదని ఆవిడ నియమం. మధ్యాహ్నం అన్నం కూడా చెంచాతోనే తినేవారు. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ముద్దలో వాసన వస్తుందట. పెట్రోలు పోశాక టాంకు మూత బిగించి, దాని మీద రెండుసార్లు తట్టి, "ఆయ్, ఎళ్లిరండి" అనేవారు. అక్కడి మిగతా వాళ్లెవరూ అలా తట్టేవారు కాదు.

నా సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే ఆవిడ నాకేమయ్యారో అర్థం కాదు. నేను భయస్తురాలిని. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకుంటాను. పిల్లలు కాస్త ఎక్కువసేపు కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన దోహాలో పని చేస్తారు. మేం ముగ్గురం ఒక మేడ మీద వాటాలో అద్దెకి ఉంటాం. బీయస్సీ చదివాను. ఆ చదువు ఇప్పుడు పిల్లల హోంవర్కులకి పనికొస్తోంది. వాళ్లని బళ్లో దింపి వచ్చాక మళ్లీ తీసుకొచ్చేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఒక్కోరోజు మధ్యాహ్నం పూట ఫోన్లో పలికితే నా గొంతు నాకే బొంగురుగా వినిపిస్తుంది.

అలాంటి రోజుల్లో స్కూటరు చప్పుడు మొదలైంది. పిల్లలిద్దరినీ ఎక్కించుకుని బడి దారిలో కాలవ వంతెన ఎత్తు ఎక్కుతుంటే, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఇంజన్లోంచి టకటకటక. ఎత్తు దిగగానే ఆగిపోయేది. చిన్నాడు ముందు నిలబడి ఉంటాడు, పెద్దది వెనక నా నడుం పట్టుకుని ఉంటుంది, కింద కాలవ. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఇంజను పేలిపోతుందనే అనుకునేదాన్ని. రాత్రి ఫోన్లో మా ఆయనకి చెప్తే, "మంచి పెట్రోలు కొట్టించు, అదే పోతుంది," అన్నారు. మంచిదంటే ఖరీదైనదని నేను అర్థం చేసుకున్నాను. పిల్లలకి పాలైనా పళ్లైనా పైరకమే కొంటాను కదా, వాళ్లు ఎక్కే బండికి మాత్రం తక్కువరకం ఎందుకని, రెండు నెలలు ప్రీమియం పెట్రోలే కొట్టించాను. చప్పుడు తగ్గలేదు. ఈ పెట్రోలు కూడా లేకపోతే ఇంకెంత ఎక్కువయ్యేదో అని భయపడి మానలేదు.

ఒకరోజు రెండో పంపు దగ్గర ఆవిడ పైపు తియ్యకుండా నిలబడ్డారు.

"ఎందుకండీ అమ్మాయిగారూ, ఇది?"

"మంచిది కదండీ."

"ఎవరికండీ?"

"బండికి."

"బండి అడిగిందేటండీ?"

వెనక మోపెడ్ మీదున్న పెద్దాయన పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ నవ్వలేదు. "బండి కొన్నప్పుడు ఒక పుస్తకం ఇత్తారు కదండీ. ఎక్కడుంది?" అని అడిగారు.

"దేవుడి గూట్లో ఉందండి."

"సదివేరా?"

"లేదండి. కవరు తియ్యలేదు. షోరూంలో బొట్లు పెట్టి ఇచ్చారు."

"పూజ చేసేరు, సదవలేదు." ఆవిడ అప్పుడు నవ్వారు. "మీరేనేటి లెండి. మా పేటలో బైబిలు కూడా కొందరిళ్లల్లో అంతేనండి. రేపొచ్చేటప్పుడు ఒట్టుకురండి."

మర్నాడు పసుపు మరకలతో ఉన్న ఆ పుస్తకం పట్టుకెళ్లాను. బళ్లు లేని సమయం చూసి, ఇసక బకెట్ల పక్కనున్న మెట్టు మీద కూర్చుని, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. ఇంగ్లీషు ముక్కల కింద వేలు పెట్టి, ఒక్కో ముక్క పెదవులతో అనుకుంటూ చదివారు. ఎక్కడ నేర్చుకున్నారో నేను అడగలేదు. ఒక చోట వేలు ఆగింది.

"ఇదిగోండి. ఆక్టేన్ తొంభయ్యొకటి, లేదా ఆ పైన. మన మామూలు పెట్రోల్లో అది ఎలాగూ ఉంటాది. బండి సేసినోళ్లే రాసేరు. ఆళ్లకన్నా మనకెక్కువ తెలుసాండి?"

"ఎక్కువుంటే మరీ మంచిది కదండీ?"

"అదేనండీ అందరూ అనుకునేది. ఆక్టేన్ అంటే బలం కాదండీ. ఓర్పు. ఇంజను లోపల పెట్రోల్ని నొక్కుద్ది చూడండి, అలా నొక్కినప్పుడు, నిప్పు పడకముందే తనంత తను మండిపోకుండా ఉండే ఓర్పు. కొన్ని బళ్లు గట్టిగా నొక్కుతాయి. ఆటికి ఎక్కువ ఓర్పున్న పెట్రోలే పొయ్యాలి. మీ బండి అంత గట్టిగా నొక్కదు. దానికి అంత ఓర్పెందుకు చెప్పండి?"

నేను కెమిస్ట్రీ చదివాను. ఆక్టేన్ నంబరు పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అది ఓర్పు అని నాకెవరూ చెప్పలేదు.

ఆవిడ అందరికీ ఖరీదు పెట్రోలు వద్దనేవారు కాదు. ఈ మాట నేను గట్టిగా రాయాలి. ఒకసారి నా కళ్ల ముందే, పెద్ద బైకు మీద వచ్చిన ఒకాయన మామూలుది పొయ్యమంటే ఆవిడ ఒప్పుకోలేదు. "మూత మీద ఏం రాసేడో సదవండి బాబూ. తొంభయ్యయిదు అన్నాడు. అంత డబ్బెట్టి కొన్నారు, ఇక్కడ కక్కుర్తి పడతారేటండీ?" అని చదివించి మరీ ప్రీమియం పోశారు. ఎవరి బండికి ఏది రాసి ఉంటే అది. ఆవిడకి తెలిసిన న్యాయం అదొక్కటే.

"మరి నా బండి చప్పుడో?" అన్నాను ఆవేళ.

"అది ఇనాలండి. ఇనకుండా ఏం చెప్తాం? పన్నెండింటికి నా డూటీ అయిపోద్ది, రండి."

పన్నెండింటికి వెళ్లాను. కోటు విప్పకుండానే నా వెనక ఒక పక్కకి కూర్చుని, "మాటాడకండి, పోనివ్వండి," అన్నారు. కాలవ వంతెన ఎక్కాం, దిగాం. మళ్లీ ఎక్కాం. మూడోసారి ఎక్కుతుంటే గట్టు మీద గడ్డి మోపుతో వెళ్తున్నావిడ ఆగిపోయి మమ్మల్నే చూసింది. మామ్మగారు ముందుకి వంగి, నా భుజం పక్క నుంచి చెవి పెట్టి వింటున్నారు. నా చెంప దగ్గర ఆవిడ ఊపిరి, పెట్రోలు వాసన, కొబ్బరినూనె వాసన. ఒక మనిషి అంత దగ్గరగా కూర్చుని నాకున్న భయాన్ని నాతో పాటు వినడం, పెళ్లయి ఈ ఊరొచ్చాక అదే మొదటిసారి.

"దీన్ని మీరు దూరం తిప్పరు కదండీ?" అన్నారు దిగాక.

"బడి, కూరలు, ఇల్లు. అంతేనండి."

"అదే మరి. ఇంజను ఏడెక్కేలోపు ఆపేత్తన్నారు. లోపల మసి కట్టేసింది. ఆ మసే నిప్పులా కాలి, పెట్రోల్ని ముందే అంటించేత్తంది. మెకానిక్కుకిచ్చి గీయించండి. ఆ తరవాత మామూలు పెట్రోలే పోయించి, వారానికోసారి కాస్త దూరం తిప్పండి."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికో అక్కడికండీ."

"నాకు వెళ్లడానికి ఎక్కడా లేదండి," అన్నాను. ఊరికే అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, కొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. "శనివారం శనివారం నేను అంబాజీపేట మా చెల్లెలింటికి ఎళ్తానండి. బస్సులో ఒకటే తోపులాట. మీ బండికెలాగూ దారి కావాలంటన్నారు కదా," అన్నారు.

నేను దారి కావాలని అనలేదు. ఆవిడే అన్నారు.

మెకానిక్ మసి తీశాడు. చప్పుడు పోయింది. ఆ తర్వాత ప్రతి శనివారం, పిల్లలు బళ్లో ఉండగా, ఆవిడని ఎక్కించుకుని అంబాజీపేట వెళ్లి దింపి వచ్చేదాన్ని. దారిలో పెద్ద మాటలేవీ ఉండేవి కాదు. కొబ్బరికాయల లోడుతో ఎదురొచ్చే లారీల నంబర్లు చూసి, ఏ రాష్ట్రమో నన్ను అడిగేవారు.

"ఇది రాజస్థానండి."

"అంత దూరమే! అక్కడ కాయవాండి కొబ్బరికాయలు?"

"అంతా ఇసకేనండి అక్కడ."

"ఇసకలో కాపురం ఎలా చేత్తారండీ బాబూ! అన్నంలో పడదా?"

నా భయాలన్నీ చెప్పేదాన్ని. చిన్నాడికి దగ్గు తగ్గలేదని, మా ఆయన రెండు రోజులుగా ఫోను చెయ్యలేదని, మేడ మెట్లకి రెయిలింగు వదులైందని. ఆవిడ అన్నీ విని, "రెయిలింగు ఈవేళే బిగించుకోండి. దగ్గుకి డాక్టరు దగ్గరికి ఎళ్లండి. మీ ఆయన నిద్దరోతన్నాడు, ఆయన్నొదిలెయ్యండి," అనేవారు. నాకు వందగా కనిపించేవి ఆవిడ చేతిలో పడేసరికి రెండయ్యేవి. కానీ మీ ఇంట్లో ఎవరున్నారండీ అని నేను అడగలేదు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. పదకొండు శనివారాలు నా గోడే చెప్పుకున్నాను.

పన్నెండో శనివారం ముందు, ఆ గురువారం, ఫోన్లో డబ్బు కట్టే యంత్రం పనిచెయ్యక ఓనరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించబోయి, "ఇదివరకు ప్రీమియం పోయించుకునేవారు కదండీ, మానేసేరేంటండీ? ఏమన్నా కంప్లయింటా?" అని మర్యాదగా అడిగారు. చప్పుడు పోయిన సంతోషంలో ఉన్నాను. ఆవిడ మంచితనం ఎవరికైనా చెప్పాలని ఉంది. చెప్పడానికి నాకెవరూ లేరు. అడిగిన మొదటి మనిషికి చెప్పేశాను.

పెద్ద బైకు ఆయన సంగతి చెప్పలేదు. ఆవిడ ప్రీమియం కూడా అమ్ముతారని, కావలసిన బండికి దెబ్బలాడి మరీ పోస్తారని చెప్పలేదు. సగమే చెప్పాను. బయటికి వస్తూ చూశాను, తలుపు పక్కన గోడ మీద బోర్డు. నెలలో ఎవరు ఎంత ప్రీమియం అమ్మారో వరసగా రాసి ఉంది. రెండో పంపు అన్నిటికన్నా కింద ఉంది.

శనివారం వెళ్లేసరికి రెండో పంపు దగ్గర కొత్తమ్మాయి ఉంది. మామ్మగారేరీ అంటే, "మానేసేరండి" అంది. పైపు తగిలించి, ఓనరుగారి గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "మానేసేరంటే మానిపించేరండి. కస్టమర్లని ఎనక్కి లాగేత్తందని ఎవరో చెప్పేరంట," అంది.

"ఎవరు?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మిగతా సగం చెప్పాలనుకున్నాను. ఒకరోజు గాజు తలుపు దాకా వెళ్లాను కూడా. ఓనరుగారు తలెత్తి, "చెప్పండమ్మా," అన్నారు. "టైర్లో గాలి తగ్గిందండి," అని చెప్పి వచ్చేశాను. మా ఆయనకి చెప్తే, "వాళ్ల సిబ్బంది సంగతి నీకెందుకు? రోజూ ఆ బంకుకే కదా వెళ్లాలి," అన్నారు. తప్పు మాటేం కాదు. కానీ ఆయన ఫోను పెట్టేశాక ఆ గదిలో ఇంకాసేపు కూర్చోలేకపోయాను. పిల్లలు అడిగితే, మామ్మగారు వాళ్ల ఊరు వెళ్లిపోయారని చెప్పాను.

శనివారాల ప్రయాణం మానలేదు. బండికి అవసరం కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. వెనక సీటు ఖాళీగా ఉండేది. అలా వెళ్తుండగా, రెండు నెలల కిందట, అంబాజీపేటలో ఒక కొబ్బరి కళ్లం ముందు ఆవిడని చూశాను. కొబ్బరికాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని చిప్పల్లోంచి ఎండుకొబ్బరి కురిడీలు తీస్తున్నారు. ఆవిడ చివర, నీడలో, ఒళ్లో డబ్బా పెట్టుకుని అన్నం తింటున్నారు. చేత్తోనే తింటున్నారు. సగానికి సగం తగ్గిపోయారు. జుట్టు నెరిసిపోయి ఉంది.

నేను చూసింది ఒక్క క్షణమే. నా బండి చప్పుడు విని ఆవిడ ముద్ద నోటి దగ్గర ఆపి తలెత్తారు. మనిషిని చూసి కాదు, చప్పుడు విని ఎత్తారు. కళ్లు రోడ్డంతా వెతికాయి. నా ముందు ఒక లారీ ఉంది. దాని పక్కకి తప్పుకుని, హ్యాండిలు తిప్పేసి, వెళ్లిపోయాను. వంతెన దాకా ఆగలేదు. వచ్చే వారం తప్పకుండా ఆగాలనుకున్నాను. వచ్చే వారం ఆ రోడ్డులో వెళ్లనేలేదు. రావులపాలెం వైపు వెళ్లాను.

ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు. ఓనరుగారు నా పేరు చెప్పి ఉండవచ్చు. ఆ గాజు తలుపు లోంచి నేనెత్తిన చెయ్యి ఎందుకు ఎత్తానో తర్వాత ఎప్పుడైనా ఆవిడకి తట్టి ఉండవచ్చు. లేదా చివరిదాకా పలకరింపనే అనుకుని ఉండవచ్చు. ఈ రెంటిలో ఏది నాకు తేలికో ఆలోచిస్తూ ఏడు నెలలు గడిపేశాను. ఆవిడకి ఏది తేలికయ్యేదో ఆలోచించలేదు.

ఆ ఫ్లెక్సీ మా పిల్లల బడి దారిలోనే ఉంది. పెద్దది మూడో తరగతి, కనిపించిన అక్షరమల్లా చదువుతుంది. అందుకని ఇవాళ పొద్దున్న దానికి జడ వేస్తూ, చిన్నాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"బంకు మామ్మ చచ్చిపోయారమ్మా. ఇప్పుడు దారిలో ఆవిడ ఫొటో కనిపిస్తుంది, భయపడకండి."

"ఊరెళ్లారన్నావు కదా," అంది పెద్దది.

"అబద్ధం చెప్పాను. అంబాజీపేటలోనే ఉన్నారు. బంకులో ఆవిడ పని పోయింది. నావల్లే పోయింది. ఆవిడ మంచిదని చెప్పబోయి, చెప్పకూడని వాళ్లకి సగం చెప్పాను."

"కావాలని చెప్పావా?"

"లేదు."

"మరి వెళ్లి సారీ చెప్పలేదా?"

"లేదు."

"మామ్మ తిడతారని భయమా?" అన్నాడు చిన్నాడు.

జడ చివర రిబ్బను కట్టాను. ముడి బిగుసుకోలేదు. విప్పి మళ్లీ కట్టాను.

"తిట్టరు నాన్నా," అన్నాను. "ఆవిడ పర్లేదండీ అనేస్తారు. అది వినాలంటే భయమేసింది."